మందులకు బదులుగా ఆహారం: ఏ జబ్బులో చెల్లుతుంది, ఏ జబ్బులో చెల్లదు

మీ ప్రశ్నలో రెండు విషయాలున్నాయి. యాభై దాటిన మీరు కొన్నేళ్లుగా టైప్-2 మధుమేహానికి, అధిక రక్తపోటుకు, థైరాయిడ్ లోపానికి మాత్రలు వాడుతున్నారు. ఆహారం, వ్యాయామం, నిద్ర సరిచేసుకుని ఆ మాత్రలన్నీ ఒకేసారి మానేయాలనుకుంటున్నారు. మీ చెల్లెలికి రొమ్ము క్యాన్సర్ తొలి దశలో ఉందని ఇటీవల తేలింది. ఆమె శస్త్రచికిత్స వద్దని, ఆరు నెలల పాటు ఉపవాసాలూ పళ్లరసాలూ ప్రయత్నించి చూస్తానని అంటున్నారు. రెండు నిర్ణయాలకూ ఒకే సూత్రం వర్తిస్తుందన్న నమ్మకం మీ మాటల్లో కనిపిస్తోంది. వర్తించదు. ఆసుపత్రిలో పోషకాహార నిపుణురాలిగా చాలాకాలం పనిచేసినదాన్ని; ఆహారానికి ఎంత శక్తి ఉందో, ఎక్కడితో ఆగిపోతుందో రెండూ చూశాను. మీ చెల్లెలి విషయం ముందు రాస్తాను. మీ మాత్రల గురించి నిదానంగా ఆలోచించుకునే వ్యవధి మీకుంది, ఆమెకు లేదు.

తొలి దశ రొమ్ము క్యాన్సర్‌ను ఆహారంతో నయం చేయవచ్చుననడానికి నమ్మదగిన ఆధారం ఏదీ లేదు. విరుద్ధమైన ఆధారం మాత్రం ఉంది. యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఇతర అవయవాలకు వ్యాపించని రొమ్ము, ప్రోస్టేట్, ఊపిరితిత్తుల, పెద్దపేగు క్యాన్సర్లకు ప్రామాణిక చికిత్సను పూర్తిగా వదిలి ప్రత్యామ్నాయ పద్ధతులనే ఎంచుకున్న 281 మందిని, వయసులోనూ జబ్బు దశలోనూ వారిని పోలి ఉండి ప్రామాణిక చికిత్స తీసుకున్నవారితో సరిపోల్చారు. మొత్తం మీద ప్రత్యామ్నాయాన్నే ఎంచుకున్నవారికి మరణించే ముప్పు రెండున్నర రెట్లు ఉంది. రొమ్ము క్యాన్సర్‌ను మాత్రమే చూస్తే అది అయిదు రెట్లు మించింది. రొమ్ము క్యాన్సర్‌లో తేడా అంత ఎక్కువగా ఉండడానికి నాకు కనిపించే కారణం ఒకటే: తొలి దశలో దానికి ఉన్న చికిత్స చాలా బాగా పనిచేస్తుంది కాబట్టి, దాన్ని వదులుకుంటే కలిగే నష్టమూ అంత పెద్దది.

చక్కెర మానేస్తే గడ్డకు ఆహారం అందక అది ఎండిపోతుందన్న వాదన మీ చెల్లెలు విని ఉంటారు. క్యాన్సర్ కణాలు గ్లూకోజును ఎక్కువగా వాడుకుంటాయన్నది నిజమే. అయితే మనం పిండిపదార్థాలు ఒక్క ముద్ద కూడా తినకపోయినా, మెదడు కోసం, ఎర్ర రక్తకణాల కోసం కాలేయం గ్లూకోజును తయారు చేస్తూనే ఉంటుంది. అందుకు కావలసిన ముడిసరుకులో కొంత కండరాలను కరిగించి తెచ్చుకుంటుంది. అంటే దీర్ఘ ఉపవాసంలో ముందు క్షీణించేది గడ్డ కాదు, రోగి కండరం. కండరం తగ్గిన మనిషి శస్త్రచికిత్స నుంచి కోలుకోవడం ఆలస్యమవుతుంది, కీమోథెరపీ దుష్ఫలితాలూ ఎక్కువవుతాయి. అందుకే క్యాన్సర్ రోగుల కోసం ఐరోపా క్లినికల్ న్యూట్రిషన్ సంఘం ఇచ్చిన మార్గదర్శకాలు శక్తిని కుదించే ఆహార నియమాలు వద్దంటాయి. రోజుకు కిలో శరీర బరువుకు 25 నుంచి 30 కిలోకేలరీలు, కనీసం 1 గ్రాము, వీలైతే 1.5 గ్రాముల వరకు మాంసకృత్తులు అందాలంటాయి. అరవై కిలోల మనిషికి అది 60 నుంచి 90 గ్రాముల మాంసకృత్తులు. పళ్లరసాల మీద గడిపే రోజులో అందులో పావు వంతు కూడా అందదు.

ఆమె వద్దంటున్నది శస్త్రచికిత్సనా, లేక దాని వెనక ఉన్న మరేదైనా భయాన్నా అన్నది మీరు దగ్గర కూర్చుని అడగాలి. నేను మాట్లాడిన చాలామంది స్త్రీలకు రొమ్ము మొత్తం తీసేస్తారన్న భయమే ముందుండేది. తొలి దశలో చాలామందికి ఆ అవసరమే ఉండదు. గడ్డను, దాని చుట్టూ కొంత భాగాన్ని మాత్రమే తీసి తర్వాత రేడియేషన్ ఇచ్చే పద్ధతిని, రొమ్ము మొత్తం తొలగించే పద్ధతితో అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్, ఇటలీలో ఉంబెర్టో వెరొనేసి 1970లలో పోల్చడం ప్రారంభించారు. 20 ఏళ్ల తర్వాత, 2002లో వచ్చిన ఫలితాల్లో రెండు పద్ధతుల్లోనూ జీవించి ఉన్నవారి నిష్పత్తి సమానంగా ఉంది. ఈ విషయం ఆమెకు ఎవరైనా చెప్పారా? మొదటి వైద్యుడి మీద నమ్మకం కుదరకపోతే మరో క్యాన్సర్ నిపుణుడి అభిప్రాయం తీసుకోవడం ఆమె హక్కు, దానికి కొద్ది రోజులు చాలు. ఆరు నెలలు ఆగడం మాత్రం దయచేసి ఒప్పుకోకండి.

ఆమెకు తన చేతుల్లో ఏదో ఒకటి ఉండాలన్న కోరిక ఉంటే, అది న్యాయమైన కోరిక, దానికి చోటు చికిత్సతో పాటే ఉంది. చికిత్స జరుగుతున్నప్పుడు క్రమంగా చేసే వ్యాయామం నీరసాన్ని తగ్గిస్తుందన్నది గట్టిగా రుజువైన విషయం. పెద్దపేగు క్యాన్సర్‌కు శస్త్రచికిత్స, కీమోథెరపీ పూర్తయిన 889 మందితో జరిగిన ఛాలెంజ్ పరీక్ష ఫలితాలు 2025లో వచ్చాయి: మూడేళ్ల వ్యాయామ కార్యక్రమంలో చేరినవారిలో అయిదేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు సుమారు 80 శాతం, చేరనివారిలో 74 శాతం. ఒక మందు ఇంత ఫలితం చూపితే దాన్ని గొప్ప మందంటారు. అయితే ఆ పరీక్షలో ఉన్నవారంతా గడ్డ తీయించుకున్నాకే వ్యాయామం మొదలుపెట్టారన్న సంగతిని విడదీసి చూడకూడదు.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. ఆహారం మందుకు ప్రత్యామ్నాయమా అని మొత్తంగా అడిగితే జవాబు ఉండదు. ఈ జబ్బులో శరీరానికి ఏం జరిగింది అని అడిగితే ఉంటుంది. లోపం ఆహారంలోనే ఉన్నచోట ఆహారమే మందు. స్కర్వీ అలాంటిది; 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు 12 మంది నావికులకు రకరకాల చికిత్సలు ఇచ్చి చూస్తే, నారింజలు, నిమ్మకాయలు తిన్న ఇద్దరే త్వరగా కోలుకున్నారు. గోధుమలోని గ్లూటెన్ పేగును దెబ్బతీసే సీలియాక్ జబ్బుకు ఈనాటికీ గ్లూటెన్ లేని ఆహారమే చికిత్స. అదే టైప్-1 మధుమేహంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలు నశించిపోతాయి. ఇన్సులిన్ కనుగొనక ముందు ఫ్రెడరిక్ అలెన్ అనే వైద్యుడు రోగులకు అతి తక్కువ ఆహారమిచ్చి కొంతకాలం బతికించగలిగేవాడు. వారు ఎముకల గూళ్లుగా మారి చివరికి మరణించేవారు. 1922 జనవరిలో టొరంటోలో 14 ఏళ్ల బాలుడికి మొదటి ఇన్సులిన్ ఇంజెక్షన్ ఇచ్చాకే ఆ కథ మారింది.

ఈ రెండు కొనల మధ్య ఉన్న జబ్బులే ఎక్కువ, అపార్థాలూ అక్కడే ఎక్కువ. దీన్ని క్షయ చరిత్ర అంత స్పష్టంగా మరేదీ చూపదు. మందులు లేని కాలంలో మంచి తిండి, విశ్రాంతి, స్వచ్ఛమైన గాలి అన్నవే క్షయకు చికిత్స, వాటి కోసమే శానిటోరియంలు వెలిశాయి. మద్రాసులోని క్షయ కీమోథెరపీ కేంద్రం 1950లలో ఒక పరీక్ష జరిపింది. ఒకే మందులను కొందరికి శానిటోరియంలో పుష్టికరమైన ఆహారంతోనూ, మరికొందరికి పేదరికంలో, ఇరుకు ఇళ్లలో, చాలీచాలని తిండితోనూ ఇచ్చారు. 1959లో ఫలితాలు చూస్తే ఇంటి దగ్గర మందులు వాడినవారూ దాదాపు శానిటోరియంలో ఉన్నవారంత బాగానే కోలుకున్నారు. నయం చేసింది మందు. అలాగని తిండి లెక్కలోకి రాదా? 2023లో వెలువడిన రేషన్స్ పరీక్ష జార్ఖండ్‌లో జరిగింది. క్షయ రోగుల ఇళ్లలోని మిగతా సభ్యులకు ఆహార దినుసులు, సూక్ష్మపోషకాలు అందిస్తే వారికి కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. ఒకే జబ్బులో, వచ్చాక నయం చేసే పని మందుది, రాకుండా కాపాడడంలో పెద్ద పాత్ర తిండిది.

మీ మూడు జబ్బుల్లో ఆహారానికి అత్యధిక శక్తి ఉన్నది టైప్-2 మధుమేహంలోనే. జబ్బు ఇంకా రాని, అంచున ఉన్న 3,234 మందితో అమెరికాలో జరిగిన పరీక్ష 2002లో ప్రచురితమైంది. బరువు 7 శాతం తగ్గించుకుని వారానికి 150 నిమిషాల వ్యాయామం చేయడం లక్ష్యంగా పెట్టుకున్నవారిలో మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర వాడినవారిలో తగ్గింది 31 శాతమే. జబ్బు వచ్చాక కూడా దారి మూసుకుపోదు. బ్రిటన్‌లో రాయ్ టేలర్, మైక్ లీన్ నడిపిన డైరెక్ట్ పరీక్షలో, మధుమేహం వచ్చి ఆరేళ్లు మించని, ఇన్సులిన్ వాడని వారికి మూడు నుంచి అయిదు నెలలు రోజుకు సుమారు 850 కిలోకేలరీల ఆహారమే ఇచ్చి, తర్వాత మామూలు తిండికి నెమ్మదిగా మళ్లించారు. ఏడాదికి 46 శాతం మంది మాత్రలు లేకుండానే మధుమేహం లేని స్థాయిలో ఉన్నారు; 15 కిలోలు, అంతకంటే ఎక్కువ తగ్గినవారిలో 86 శాతం. కాలేయంలో, క్లోమంలో పేరుకున్న కొవ్వు కరగడంతో ఇన్సులిన్ కణాలు తిరిగి పని అందుకోవడమే దీనికి కారణమని టేలర్ బృందం చూపింది. రెండో ఏటికి ఆ 46 శాతం 36 శాతానికి దిగింది, బరువు తిరిగి పెరిగినవారిలో మధుమేహమూ తిరిగి వచ్చింది. అందుకే దీన్ని నయం కావడం అనరు, ఉపశమనం అంటారు: మందులు ఆపి కనీసం మూడు నెలలు గడిచాక కూడా హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగరును చూపే పరీక్ష) 6.5 శాతం కంటే తక్కువ ఉండాలి, ఆ తర్వాతా ఏటేటా పరీక్షించుకుంటూ ఉండాలి.

కాబట్టి మీ షుగరు మాత్రలు మానాలన్న కోరిక అత్యాశ కాదు. కానీ ఏ మాత్ర ఎప్పుడు ఆపాలన్నది ఆ మాత్ర చేసే పనిని బట్టి ఉంటుంది. మీరు వాడేవాటిలో గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటివి ఉంటే, అవి మీరు తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను బయటికి నెడుతూనే ఉంటాయి. తిండి తగ్గించిన మొదటి రోజు నుంచే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. వాటి మోతాదును ఆహారం మార్చే ముందే వైద్యుడితో మాట్లాడి సర్దుకోవాలి. పేరు చివర గ్లిఫ్లోజిన్ అని ఉండే మాత్రలు వాడుతూ పిండిపదార్థాలు బాగా తగ్గిస్తే, షుగరు అంతగా పెరగకుండానే రక్తం ఆమ్లపూరితమయ్యే అత్యవసర పరిస్థితి రావచ్చు. మెట్‌ఫార్మిన్‌తో ఈ రెండు ప్రమాదాలూ చాలా తక్కువ, అందుకే దాన్ని ఆపడం అన్నిటికంటే చివరికి ఉంచుతారు. అది కొన్నేళ్లు వాడినవారిలో బీ12 తగ్గవచ్చు, ఆ పరీక్ష చేయించుకోండి. మీరు సన్నగా ఉండి, జబ్బు వచ్చాక కారణం లేకుండా బరువు తగ్గి ఉంటే, అసలు ఇది టైప్-2నేనా అని ముందు తేల్చుకోవాలి. పెద్దవయసులో నెమ్మదిగా వచ్చే టైప్-1 కూడా ఉంది, దానికి సీ-పెప్టైడ్, గ్యాడ్ యాంటీబాడీ పరీక్షలున్నాయి.

రక్తపోటులోనూ ఆహారం పని చేస్తుంది, కాస్త పరిమితంగా. కూరగాయలు, పళ్లు, పప్పులు, గింజలు, కొవ్వు తక్కువున్న పాల పదార్థాలు ఎక్కువగా ఉండే డ్యాష్ ఆహారాన్ని 1997లో 459 మందిపై పరీక్షించినప్పుడు, అధిక రక్తపోటు ఉన్నవారిలో పై సంఖ్య సగటున 11 పాయింట్లు దిగింది. ఇది ఒక మాత్ర చేసే పనికి సమానం. రెండు, మూడు మాత్రలతో అదుపులో ఉన్నవారు అన్నీ మానగలరని దీని అర్థం కాదు. ఉప్పును ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినట్టు రోజుకు 5 గ్రాముల లోపుకు తేవడం, బరువు తగ్గడం, మద్యం మానడం దీనికి తోడవుతాయి. సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు చాలామందికి మేలు చేస్తుంది. కానీ మూత్రపిండాల జబ్బు ఉన్నా, మీ బీపీ మాత్ర పేరు చివర ప్రిల్ లేదా సార్టన్ అని ఉన్నా, స్పైరొనొలాక్టోన్ అనే మాత్ర వాడుతున్నా వైద్యుడిని అడగకుండా దాని జోలికి పోవద్దు. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది.

థైరాయిడ్ మాత్ర మానగలనన్న ఆశ మాత్రం పెట్టుకోకండి. పెద్దవారిలో థైరాయిడ్ లోపానికి అయోడిన్ కొరత లేనిచోట అతి సాధారణ కారణం, శరీర రక్షణ వ్యవస్థే ఆ గ్రంథిని దెబ్బతీయడం. ఈ లోపానికి ఇచ్చే లెవోథైరాక్సిన్ మాత్ర ఒక రకంగా మందు కూడా కాదు. మీ గ్రంథి చేయలేకపోతున్న హార్మోనునే అది భర్తీ చేస్తోంది. ఆ హార్మోను ఏ ఆహారంలోనూ దొరకదు, అయోడిన్ మాత్రలు అదనంగా మింగితే లోపం ముదరవచ్చు కూడా. ఇక్కడ మీ స్వీయ సంరక్షణ అంటే ఆ మాత్రను సరిగ్గా వాడుకోవడమే: పరగడుపున నీళ్లతో వేసుకుని అరగంట నుంచి గంట వరకు ఏమీ తినకపోవడం, కాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉంచడం, మోతాదు మారిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించుకోవడం. జుట్టు కోసం బయోటిన్ వాడుతుంటే పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపండి. అది ఫలితాన్ని తారుమారు చేస్తుంది.

బయోటిన్ మాట వచ్చింది కాబట్టి డబ్బాల్లో అమ్మే పోషకాల గురించి కూడా చెప్పాలి. ఆహారంలో ఉన్నప్పుడు మేలు చేసే పదార్థం విడిగా తీసి పెద్ద మోతాదులో ఇస్తే అదే మేలు చేస్తుందన్న ఊహ ఎన్నోసార్లు తప్పింది. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే పురుషులతో జరిగిన పరీక్షలో బీటా కెరోటిన్ మాత్రలు తిన్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ వచ్చిందని 1994లో తేలింది. విటమిన్ ఈ మాత్రలతో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగిందని 2011లో మరో పెద్ద పరీక్ష చూపింది. గ్రీన్ టీ సారం, అధిక మోతాదు పసుపు సారం ఉన్న గుళికలతో కాలేయం దెబ్బతిన్నవారు ఉన్నారు. ప్రకృతి సిద్ధమైనది కాబట్టి హాని ఉండదన్న మాటను మందుల దుకాణంలో చెప్పినా, బంధువులు చెప్పినా ఒప్పుకోకండి. పరీక్షలో లోపం తేలితే, ఆ లోపానికి, తగిన మోతాదులో, తగినంత కాలం వాడండి. అంతకు మించి అవసరం లేదు.

వైద్యం మీద మీకున్న అసంతృప్తిని నేను తేలికగా తీసుకోవడం లేదు. అయిదు నిమిషాల సంప్రదింపులో మరో మాత్ర రాయడం సులభం, మీరు ఏం తింటారు, ఎలా నిద్రపోతారు అని అడగడం కష్టం. వేసిన మాత్ర ఇంకా కావాలా అని తిరిగి చూసేవారు తక్కువ. మందులు లేకుండా మెరుగయ్యే చోట్ల కూడా మందులే ముందు వస్తున్నాయి: దీర్ఘకాల నిద్రలేమికి మొదట ఇవ్వవలసింది నిద్ర అలవాట్లను, ఆలోచనలను సరిదిద్దే ప్రత్యేక శిక్షణ అని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే చెప్పినా, చాలామందికి మొదట అందేది నిద్రమాత్రే. అయితే దీనికి పరిష్కారం మాత్రలు చెప్పకుండా మానేయడం కాదు. గుండెకు వాడే బీటా బ్లాకర్లు ఒక్కసారిగా ఆపితే గుండెపోటు రావచ్చు, నెలల తరబడి వాడిన స్టెరాయిడ్లు ఆపితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు, మూర్ఛ మందులు ఆపితే ఆగని మూర్ఛ రావచ్చు. ఇవన్నీ ఆపవలసినప్పుడు కూడా వారాల మీద తగ్గించుకుంటూ వెళ్లవలసినవి.

స్వీయ సంరక్షణలో మీరు మొదట చేయవలసిన పని కొలవడం. వైద్యుడిని కలిసే ముందు వరసగా ఏడు రోజులు, ఉదయం సాయంత్రం, అయిదు నిమిషాలు కదలకుండా కూర్చున్నాక రెండేసి సార్లు రక్తపోటు చూసి రాసుకోండి. ఇంట్లో చూసే సగటు 135/85 దాటితే అది ఎక్కువే. పరగడుపు షుగరు, భోజనమైన రెండు గంటలకు షుగరు కొన్ని రోజులు రాయండి. ఇటీవలి హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు పరీక్ష), పొటాషియం, టీఎస్‌హెచ్ నివేదికలు, వాడుతున్న ప్రతి మాత్ర, ప్రతి డబ్బా వెంట తీసుకెళ్లండి. "మందులు మానేస్తాను" అనకుండా, "నేను మూడు నెలల్లో ఇంత బరువు తగ్గాలనుకుంటున్నాను, వీటిలో వేటిని ఇప్పుడే తగ్గించాలి, వేటిని ఏ అంకె వచ్చాక తగ్గించవచ్చు?" అని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఇష్టపడని వైద్యుడిని మార్చుకోవచ్చు. ఆహారం మార్చిన తొలి వారాల్లో లేచి నిలబడగానే కళ్లు తిరిగితే రక్తపోటు చూసుకుని అదే రోజు వైద్యుడికి ఫోన్ చేయండి. చెమటలు, వణుకు, తికమక కలిగితే షుగరు చూసుకోండి. 70 కంటే తక్కువ ఉంటే 15 గ్రాముల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంటకు మళ్లీ చూడండి. వాంతులు, కడుపునొప్పి, వేగంగా ఊపిరి తీయడం, ఛాతీలో బరువు, మాట తడబడడం వీటిలో ఏది కనిపించినా తర్వాతి అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి.